కంది చేనులో పన్నెండు క్యాన్ల నీళ్ళు

చేనులో గూటాలు పాతి తాళ్ళు కట్టిన రోజున ముగ్గురు మనుషులు బండ్లు ఆపి గజం ఎంత అని నన్ను అడిగారు. దేవరయాంజాల్ దాటి శామీర్‌పేట వైపు పోయే దారిలో అప్పటికే ఎటు చూసినా వెంచర్లే. ఎర్రటి నేల మీద తెల్లటి తాడు కనిపిస్తే ఇంకో ఆలోచన ఎవరికీ రాదు. మేము కూడా వాటిని ప్లాట్లనే అంటాం. ఎకరం చేనును పన్నెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఒక్కో తీరుగా కంది వేసి, ఏది ఎంత పండుతుందో చూడటం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నా ఉద్యోగం. మూడో మనిషికి అదంతా చెప్తే ఆయన కాసేపు చేను వైపు చూసి, ఈ దిక్కు కందులు వేసేవాళ్ళు ఇంకా ఉన్నారా అని అడిగి వెళ్ళిపోయాడు.

ఆ చేను వేసేది అరవై దాటిన ఒక ఆమె. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పంపకాల్లో ఆమెకు వచ్చిన ఎకరన్నర ఆమె చేతుల మీదే సాగుతోంది. మరిది వాటా మాత్రం పక్కనే గేటు పెట్టుకుని, లోపల సిమెంటు రోడ్లు పోసుకుని వెంచర్‌గా మారిపోయింది. ఆయన ఆఫీసు పేట్ బషీరాబాద్‌లో. ఎప్పుడైనా కారులో వచ్చి గట్టు మీద నిలబడి, వదినా ఇంకెన్ని రోజులు ఈ కష్టం అని అడిగేవాడు. ఆమె జవాబుగా తాగడానికి నీళ్ళు ఇచ్చేది. ఆయన తాగి వెళ్ళిపోయేవాడు.

మా పరీక్ష చెప్పుకోవడానికి తేలికే. రెండు రకాల విత్తనం. ఒకటి ఆమె ఏటేటా దాచుకుంటున్న పాత కంది, ఇంకొకటి మేము తెచ్చిన కొత్తది. వేసే పద్ధతులు కూడా రెండు. ఒకటి ఎప్పటిలా చదునుగా దున్ని వేయడం. రెండోది, పడిన వాన పారిపోకుండా నిలిచేట్టు సాళ్ళ మధ్య కాలువలు తీసి వేయడం. రెండు విత్తనాలను రెండు పద్ధతుల్లో వేస్తే నాలుగు తీర్లు. ఒక్కో తీరు మూడేసి చోట్ల, మొత్తం పన్నెండు ప్లాట్లు. బోరు లేని నేలలో, వాన మీదే ఆధారపడి, ఈ నాలుగింటిలో ఏది నిలుస్తుందో తేలాలి. అందుకే నేను మొదటి రోజే ఆమెకు చెప్పాను, దేనికీ నీళ్ళు పోయకూడదని. బిందెడైనా, చెంబుడైనా వద్దని.

"సస్తుంటే గూడ పొయ్యద్దా?" అని అడిగింది.

"సచ్చినా పొయ్యద్దు పెద్దమ్మా. సచ్చిందనే రాసుకుంటం."

ఆమె నా ముఖంలోకి చూసింది. కళ్ళముందు ఎండుతున్న దాన్ని చూస్తూ పుస్తకంలో రాసుకునే మనుషులు కూడా ఉంటారా అన్నట్టు. ఆఖరికి, "సరే తియ్, పొయ్య," అంది.

ఏ ప్లాటులో ఏది వేయాలో చీటీలు తీసి నిర్ణయిస్తాం. మనం ఎంచుకుంటే తెలియకుండానే మంచి నేల మనకు ఇష్టమైన దానికి పోతుంది కదా. స్టీలు గ్లాసులో చీటీలు వేసి ఆమెతోనే తీయించాను. ఆ చేనుకు తూర్పు అంచున నేల బాగుండదు. రెండు బెత్తెల లోతునే గులకరాళ్ళు తగులుతాయి. కొత్త విత్తనాన్ని కాలువలు తీసి వేయాల్సిన ప్లాట్లు మూడైతే, వాటిలో రెండు ఆ అంచుకే వచ్చాయి.  ఆ సంవత్సరం మేమంతా ఆశ పెట్టుకున్నది ఆ తీరు మీదే. చీటీలు మళ్ళీ తీద్దామా అనిపించింది కూడా. తీయలేదు.

నా భయానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది దుండిగల్ వైపు ఒక చేనులో జొన్న పరీక్ష నా చేతుల మీద జరిగింది. చుట్టుపక్కల ఎక్కడా జొన్న లేదు. ఆ కాస్త చేనే కనిపించి పిట్టలన్నీ అక్కడే వాలాయి. కంకుల్లో ఒట్టి పొట్టే మిగిలింది. ఫలితం రాలేదని రాసి ఇచ్చాను. మా పై అధికారి, నేను సార్ అని పిలిచే శాస్త్రవేత్త, రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఆ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.  ఆయన తిట్టి ఉంటే నేను నిద్రపోయేదాన్ని. నాది ఏడాదికేడాది పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. రెండో ఏడు కూడా ఖాళీ కాగితం ఇస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

వానలు ఆలస్యంగా మొదలైనా బాగానే పడ్డాయి. కంది మొలిచింది, ఎదిగింది. వారానికి రెండుసార్లు వెళ్తే సరిపోయే చేనుకు నేను రోజూ వెళ్ళేదాన్ని. మేడ్చల్‌లో మా ఇంటి నుంచి స్కూటీ మీద అరగంట. వెళ్ళి చేసేదేమీ లేదు. ఆకులు చూడటం, వాన కొలిచే డబ్బాలో తొంగిచూడటం, తిరిగి రావడం. ఇంట్లో అన్నం తింటూ ఫోన్‌లో మబ్బుల బొమ్మలు చూసేదాన్ని. మా అమ్మ ఒకసారి ఫోన్ లాక్కుని బియ్యం డబ్బా మీద పెట్టింది. నేను లేచి వెళ్ళి తెచ్చుకున్నాను.

తర్వాత వాన ఆగింది. సరిగ్గా పూత మొదలయ్యే వేళకు ఆగింది. ఒక వారం, రెండు వారాలు, మూడో వారం. పడమటి వైపు ఆమె పాత కంది చదును నేలలో పొద్దెక్కేసరికి ఆకులు వాల్చేసేది. సాయంత్రానికి కొంచెం తేరుకునేది. తూర్పు అంచున మా కొత్త కంది మాత్రం తెల్లవారినా తేరుకోవడం మానేసింది. పూత సగం రాలి కాలువల్లో పసుపుపచ్చగా పరుచుకుంది. నేను వంగి లెక్కపెట్టబోయి మానేశాను.

ఆ రోజుల్లో ఆమె మధ్యాహ్నం అన్నం గట్టు మీద కూర్చుని తినేది. తిన్నాక చేతులు కడుక్కోవడానికి లేచి, గూటాలు దాటి, బాట మీదికి వెళ్ళేది. మొదట నాకు అర్థం కాలేదు. మూడో రోజో నాలుగో రోజో అడిగితే, నీళ్ళు చేనులో పడొద్దంటివి గదా అంది. గ్లాసుడు నీళ్ళు. వాటి కోసం ఆ మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నడిచి వెళ్ళేది.

పక్కన వెంచర్‌లో పొద్దునా సాయంత్రం పైపుతో నీళ్ళు పట్టేవాళ్ళు. గేటు నుంచి లోపలికి రెండు వరుసల ఈత జాతి అలంకారపు చెట్లు, మధ్యలో పచ్చగడ్డి. ట్యాంకర్ వచ్చి సంపు నింపి పోయేది. గోడకు ఈవల నిలబడితే ఆ నీళ్ళ చప్పుడు వినిపించేది. దాన్ని వింటూ ఎండిన ఆకులు లెక్కపెట్టడం నాకు రోజురోజుకూ కష్టమైంది.

ఆదివారం చర్చిలో వాన కోసం ప్రార్థన పెట్టారు. మా నాయిన సంఘపెద్ద. ఆయనే ముందు నిలబడి ప్రార్థించాడు. చెరువుల పేర్లు, ఊళ్ళ పేర్లు చెప్పి, నా బిడ్డ చూసుకునే చేను కూడా అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కళ్ళు మూసుకోలేకపోయాను. పాదాలు నిలవడం లేదు. ఆఖరి పాట కాకముందే లేచి వెనక తలుపు నుంచి బయటికి వచ్చేశాను. ఇంటికి వెళ్ళి రెండు ఇరవై లీటర్ల క్యాన్లు తీసుకుని, చర్చి చీరలోనే స్కూటీ ఎక్కాను.

నిజం చెప్పాలంటే, దారి పొడవునా నాకు ఒకటే ఊహ. ఒక్కసారి తడిస్తే పూత నిలబడుతుంది, వాన వచ్చేదాకా బతుకుతుంది. అది తప్పని తెలియక కాదు. తెలిసే స్కూటీ ఆపకుండా నడిపాను. వెంచర్ వాచ్‌మన్ నన్ను రోజూ చూసేవాడే కాబట్టి సంపు దగ్గర నీళ్ళు పట్టుకోనిచ్చాడు. ఒక్కసారికి రెండు క్యాన్లు, కాళ్ళ దగ్గర పెట్టుకుని. ఆరుసార్లు తిరిగాను. తూర్పు అంచున ఆ రెండు ప్లాట్లలో మొక్క మొక్కకూ మొదలు దగ్గర చెంబుతో కొంచెం కొంచెం పోశాను. చీర కుచ్చిళ్ళు ఎర్రమట్టి అయ్యాయి. పోస్తుంటే నేల చప్పుడు చేస్తూ తాగింది. చాలా వారాల తర్వాత ఆ గంటన్నర నా మనసు నెమ్మదిగా ఉంది. ఆఖరి చెంబు పోసి తలెత్తేసరికి మళ్ళీ ఆరాటం మొదలైంది.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి పెద్దమ్మ ఆ ప్లాటు కాలువలో గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో మన్ను. వేళ్ళతో నలిపి చూస్తోంది.

"గిక్కడ వాన వడ్డదా బిడ్డా?" అంది తలెత్తకుండా.

నేను పుస్తకం సంచి గట్టు మీద పెట్టాను.

"గీ రెండు ముక్కల్లనే వడ్డదా?"

"నేనే పోసిన పెద్దమ్మా."

"ఎరుకే. వాచ్‌మన్ జెప్పిండు. నువ్వు జెప్తవో లేదో అని అడిగిన."

లేచి నిలబడి చేతులు చీరకు తుడుచుకుంది. పడమటి వైపు చూపించింది. "గా దిక్కు నా ఇత్తునం గూడ ఎండుతాంది. దానికెందుకు పొయ్యలే?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. నీళ్ళెందుకు పోశావని అడుగుతుందనుకున్నాను. దానికి జాలి అనో, చూడలేకపోయాననో ఏదో ఒకటి చెప్పేదాన్ని. దీనికి చెప్పడానికి ఒక్క సంగతే ఉంది. కొత్తది గెలవాలని పోశానని చెప్పాను.

"గట్లయితే ఇంత ముచ్చటెందుకు బిడ్డా? ఏది గెలుస్తదో ముందే రాసుకోరాదు? నా చేను నేను దున్నుకుందును."

ఆమె గొంతు పెంచలేదు. కోపమే ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆమె గడ్డి మోపు ఎత్తుకుని ఇంటి వైపు వెళ్ళిపోయింది. నేను ఆదివారం తేదీ వేసి ఉన్న పేజీ తెరిచి చూసుకున్నాను. ఏమీ రాయలేదు. ఆ రోజు కూడా రాయలేదు.

బుధవారం వాన పడింది. మధ్యాహ్నం మొదలై చీకటి పడేదాకా ఒకే తీరుగా కురిసింది. డబ్బా నిండినంత పనయింది. మూడు రోజులు ఆగి ఉంటే సరిపోయేదని ఎన్నిసార్లు అనుకున్నానో. వారం తిరిగేసరికి పన్నెండు ప్లాట్లూ ఒకే పచ్చదనంలో కలిసిపోయాయి. ఎక్కడ నీళ్ళు పోశానో నాకే ఆనవాలు దొరకలేదు. ఇక అడిగేవాళ్ళు లేరు. పెద్దమ్మను అడిగాను, సార్ వస్తే చెప్తావా అని.

"నేనెందుకు జెప్త? పుస్తకం నీది," అంది.

ఆ మాట తర్వాత నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆఫీసులో కుర్చీలో కూర్చుంటే బయటికి వెళ్ళాలనిపించేది. చేనుకు వెళ్తే అక్కడ నిలబడలేకపోయేదాన్ని. అప్పటినుంచి ఆమె నన్ను బిడ్డా అనడం మానేసి, మేడం అని పిలిచేది.

కాయ పట్టే వేళకు సార్ చూడటానికి వచ్చాడు. టోపీ పెట్టుకుని ప్లాటు ప్లాటూ తిరిగాడు. తూర్పు అంచుకు వచ్చేసరికి ఆగిపోయాడు. మిగతా చోట్ల మొదటి పూత రాలిపోయి రెండో పూతకు పట్టిన లేత కాయలు. ఇక్కడ మొదటి పూత కాయలు గింజ కట్టి, కొమ్మలు వంగి ఉన్నాయి. ఆయన వంగి కాలితో నేలను గీకి చూశాడు. గులకరాళ్ళు. ముఖం వెలిగిపోయింది. అంత సంతోషంగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఫోన్ తీసి ఫోటోలు తీశాడు. "ఇలాంటి నేలలో ఇలా కాసిందంటే ఇది మామూలు విషయం కాదమ్మా," అన్నాడు. పెద్దమ్మ గట్టు మీద నిలబడి దూరంగా రోడ్డు వైపు చూస్తోంది. నా వైపు చూడకూడదని చూడటం లేదు.

నేను చెప్పేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తు లేదు. ఆ రెండు ప్లాట్లకు పూత మీద ఉన్నప్పుడు నీళ్ళు పోశాను సార్ అని మాత్రం అన్నాను.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఎన్ని నీళ్ళు అని అడిగాడు. పన్నెండు క్యాన్లు అన్నాను. ఏ రోజు, ఏ పూట, మొదలు దగ్గరా పైనుంచా అని వరుసగా అడిగాడు. పుస్తకం తీయించి, ఆదివారం పేజీలో నా చేతనే అంతా రాయించి, కింద సంతకం పెట్టమన్నాడు. రాసి సంతకం పెట్టాను. ఆ పేజీ అలాగే ఉంది.

అంతా అయ్యాక ఆయన గట్టు మీద కూర్చున్నాడు. "నువ్వు చెప్పకపోతే ఏమయ్యేదో తెలుసా? వచ్చే ఏడు పది ఊళ్ళలో గులక నేలలున్న రైతులను పిలిచి ఈ విత్తనం వేసుకోండి, ఎండకు తట్టుకుంటుంది అని చెప్పేవాణ్ని. నమ్మి వేసుకునేవాళ్ళు. వాళ్ళ చేనుకు ఆదివారం ఎవరూ క్యాన్లు పట్టుకుని రారు కదా."

అప్పటిదాకా నేను నా ఉద్యోగం గురించీ నా పుస్తకం గురించే ఆలోచించాను. ఆ పది ఊళ్ళు నా బుర్రలోకే రాలేదు. ఆ మాటకు ఏడుపు వచ్చింది. పెద్దమ్మ వచ్చి నా పక్కన నిలబడింది, అంతే. 

ఆ రెండు ప్లాట్లు లెక్కలోంచి కొట్టేశారు. మూడుచోట్ల ఉండాల్సిన కొత్త విత్తనపు కాలువల తీరు ఒక్కచోటే మిగిలింది. ఒక్కచోటు చూసి ఏదీ తేల్చలేం. ఆ ఏటి పరీక్ష పనికిరాదు, మళ్ళీ వేయాలి అని సార్ రాసి పంపాడు. కారణం దగ్గర నా పేరు రాయలేదు. సిబ్బంది పొరపాటు అని రాశాడు. కాంట్రాక్టు పొడిగించారు కానీ నన్ను చేల నుంచి తీసేసి విత్తనాల గదిలో వేశారు. రోజంతా సంచులు, చీటీలు, గింజలు ఏరడం. కిటికీలోంచి దుండిగల్ శిక్షణ విమానాలు తిరగడం కనిపించేది. అవి కూడా ఎక్కడికీ వెళ్ళకుండా అక్కడక్కడే గుండ్రంగా తిరిగేవి.

కోతలకు మాత్రం నన్ను పంపారు. జనవరి మొదట్లో. ప్లాటుకు ఒక కుప్ప చేసి, తార్పాలిన్ మీద ఎండబెట్టి, కట్టెలతో కొట్టి, తూర్పారబట్టి తూచాం. కొట్టేసిన ఆ రెండు ప్లాట్లు కూడా విడిగా తూచాలని పెద్దమ్మ పట్టుబట్టింది. అవి లెక్కలోకి రావని సార్ అంటే, మీ లెక్కలోకి రాకుంటే నా లెక్కలోకి వస్తాయి, కష్టం నాది అంది. సార్ నవ్వి, వెనక పేజీలో రాయించాడు.

అందరం అనుకోనిది ఒకటి కనిపించింది. ఆమె పాత కంది కాలువలు తీసిన మూడు చోట్లా బాగా పండింది. మిగిలిన ఆ ఒక్క చోట మా కొత్త కంది కూడా దాదాపు అంతే. చదునుగా వేసినవి, పాతదైనా కొత్తదైనా, వెనకబడ్డాయి. సార్ తొందరపడొద్దని, ఒక ఏడు చూసి చెప్పకూడదని ముందే అన్నాడు. పెద్దమ్మకు అవేమీ పట్టలేదు. రెండు చేతుల్లోకి రెండు రకాల గింజలు తీసుకుని చూసింది.

"ఇత్తునంల కాదు, మన్నుల నీళ్ళు నిలుపుకునుట్ల ఉన్నది. నువ్వు పోసిన నీళ్ళు ఊకెనే పోయినయి బిడ్డా," అంది.

ఆ రోజు ఇంటికి బయల్దేరుతుంటే సంచిలో కొన్ని పచ్చి కందికాయలు వేసి ఇచ్చింది. పొలం అంచున ఆలస్యంగా కాసినవి. ఉడకబెట్టి ఉప్పు చల్లి తింటే మా నాయినకు ఇష్టమని ఎప్పుడో చెప్పాను.

తర్వాతి ఏడు అదే చేనులో అదే పరీక్ష మళ్ళీ వేశారు, ఇంకొక అబ్బాయితో. అతను జాగ్రత్త గల మనిషి. కానీ ఆ ఏడు వానలు ఎక్కడా ఆగకుండా పడ్డాయి. పన్నెండు ప్లాట్లూ ఇంచుమించు ఒకేలా పండాయి. తేడా తెలియలేదు. ఎండ కోసం వేసిన పరీక్షకు వాన అడ్డం వచ్చిందని సార్ రిటైరయ్యే రోజున టీ తాగుతూ అన్నాడు. పెద్దమ్మ మాత్రం పరీక్ష లేని అరెకరంలో కూడా తనంతట తానే కాలువలు తీయించుకుంది. మరిది ఇప్పటికీ కారులో వస్తూనే ఉన్నాడట. ఆమె ఊఁ అనలేదు, ఊఁహూఁ అనలేదు.

విత్తనాల గదిలో ఏడాదిన్నర గడిచాక నన్ను మళ్ళీ చేలకు పంపారు. ఇప్పుడు దుండిగల్ వైపే, జొన్న. ఈసారి చుట్టూ రైతులతో కూడా జొన్న వేయించి, పిట్టలు ఒక్కచోటే వాలకుండా చూస్తున్నాం. వాన పదిరోజులు ఆలస్యమైంది. నేను మారిన మనిషినని చెప్పలేను. ఇప్పటికీ రోజూ వెళ్తున్నాను, ఇప్పటికీ అన్నం దగ్గర ఫోన్ చూస్తున్నాను. అమ్మ లాక్కోవడం మానేసింది.

ఈ ఉదయం మొలక లెక్కపెట్టాను. నాలుగో ప్లాటులో పలచగా వచ్చింది. విత్తనం లోతు ఎక్కువైందా, చీమలు పట్టాయా, ఇంకేమైనానా, తెలియదు. ఉన్నదున్నట్టు రాసి, పుస్తకం మూసి, మధ్యాహ్నం దాకా ఆ సాళ్ళ మధ్యే అటూ ఇటూ తిరిగాను.